ఎంత నమ్మొచ్చో చెప్పు

మా మేడం పోయారని సోమవారం పొద్దున ఫోన్ వచ్చింది. నిద్రలోనే పోయారట, ఏ బాధా పడలేదట. ఏడ్చాను కానీ, ఆ మాట విన్నాక గుండె కొంత కుదుటపడింది.

ఆమె నారాయణఖేడ్‌లో డాక్టరుగా పనిచేసి రిటైరయ్యారు. ఒక చికిత్స మీద ఎక్కడెక్కడో జరిగిన పరిశోధనలన్నీ ఒకచోట చేర్చి, ఆ ఫలితాన్ని ఎంతవరకు నమ్మవచ్చో తేల్చే పని ఇంట్లో కూర్చుని చేసేవారు. మా ఇంట్లో మొదట చదువుకున్నదాన్ని నేనే. డిగ్రీ అవగానే నన్ను సాయానికి పెట్టుకున్నారు. నమ్మకానికి నాలుగు మెట్లు: ఎక్కువ, మధ్యరకం, తక్కువ, చాలా తక్కువ. నెలల తరబడి చదివి చివరికి ‘చాలా తక్కువ’ అని రాయడానికి నాకు ప్రాణం ఒప్పేది కాదు. మేడం కళ్లజోడు నుదుటి మీదికి తోసి, "ఏం తేలిందో చెప్పినవ్. ఎంత నమ్మొచ్చో చెప్పు" అనేవారు. తగ్గించి రాశాక తనే చాయ్ పోసిచ్చేవారు.

ఆ రోజుల్లోనే మా అక్కకు మూడో నెలలో కడుపు పోయింది. రక్తం కనబడ్డప్పుడు పండుకోమంటే వినకుండా కందిచేనుకు పోయిందని వాళ్లత్త నింద. అక్క తిండి మానేసింది. మేడం చూడ్డానికి బయల్దేరారు. బంద్ రోజు, బస్సుల్లేవు. ఆటోలో అక్క అత్తగారి ఊరు నాగల్‌గిద్ద పోయాం. దారిలో బతిమాలాను.

"పండుకోకున్నా ఏం కాదని చెప్పుండ్రి మేడం. అక్క నిమ్మళమైతది."

"గట్ల చెప్ప బిడ్డా. గది గూడ మనకు తెల్వదు."

నాకు కోపమొచ్చింది.

మేడం కూర్చోకముందే అత్త మొదలుపెట్టింది. "పండుకుంటే పిల్ల నిలుస్తుండె."

"ఎవరన్నరు?"

"అందరంటరు."

"నేను గూడ అంటుంటి. ఇప్పుడు దాని మీద పరిశోధనలన్నీ జూసినం, నేను, నీ కోడలి చెల్లె. నిలుస్తదని గట్టిగ చెప్పేంత ఆధారం దొరకలే. డాక్టర్ని, నేనే గట్టిగ చెప్పలేని మాట ఈ పిల్ల నెత్తిన ఎట్ల పెడ్తవ్?"

"అంటే చేనుకు పోవచ్చునా?"

"గదీ తెల్వదు."

"గింత సదివి తెల్వదంటవేంది?"

"ఏం జెయ్యాలె. అన్నీ జూసినంకనే అంటున్న."

అత్త "మరి మాకెట్ల ఎరుకైతది" అని కొంగుతో మొహం తుడుచుకుంది.

గోడవైపు పడుకున్న అక్క ఇటు తిరిగింది. "నేను జంపలేదా మేడం?"

"జంపినవనేటందుకు నా దగ్గరేం లేదు బిడ్డా."

అంతకు మించి ఒక్క మాట చెప్పలేదు. అక్క లేచి జుట్టు ముడేసుకుంది. అత్త పొయ్యి అంటించింది. మేడం గడపలో కూర్చున్నారు. లోపలినుంచి అక్క జొన్నరొట్టె చరిచే చప్పుడు, మొదట ఆగి ఆగి, తర్వాత ఒకే తీరుగా.