పెద్ద క్లబ్బులు మా రెండో డివిజన్‌కి దిగిన ఏడాది

లాక్‌డౌన్లు అయిపోయాక వచ్చిన రెండో వేసవి అది. దివిసీమలో నాగాయలంక దాటి కాలవ గట్టు వెంట వెళ్తే ఒక ఊరొస్తుంది. ఆ ఊరి చివర, మినుము పీకేసిన రెండెకరాల చేలో నేను రిఫరీగా చేసిన ఒక మ్యాచి గురించి చెప్పాలి. రిఫరీ పని ఎలా ఉంటుందని అడిగినవాళ్ళందరికీ ఇన్నాళ్ళూ నవ్వొచ్చే సంగతులే చెప్తూ వచ్చాను. ఇదొక్కటే దాచుకున్నాను.

నా పేరు కరీం. బందరులో ఒక హైస్కూల్లో ముప్ఫయ్యేళ్ళు డ్రిల్లు మాస్టారిగా పనిచేశాను. ఆదివారాలు మా ప్రాంతపు ఫుట్‌బాల్ లీగులో విజిలు ఊదేవాణ్ణి. లీగులో రెండు డివిజన్లుంటాయి. మొదటి డివిజన్లో అడుగున మిగిలిన రెండు జట్లు మరుసటి ఏడు రెండో డివిజన్‌కి దిగాలి. దాన్ని రెలిగేషన్ అంటారు. రెండో డివిజన్లో ముందున్న రెండు జట్లు పైకెక్కుతాయి, అది ప్రమోషన్. నాకు పడేవన్నీ రెండో డివిజన్ మ్యాచులే. ప్రేక్షకులు పాతికమంది వస్తే పండగ, అందులోనూ సగం మంది గేదెల్ని తోలుకుపోతూ ఆగినవాళ్ళు. సరుగుడు వాసాలు పాతితే అదే గోల్‌పోస్టు. వెనక వల ఉండేది కాదు. బంతి గోల్లోంచి దూసుకెళ్ళి కాలవలో పడేది, ఎవడో ఒకడు దూకి తెచ్చేవాడు.

అలాంటి మా డివిజన్‌కి ఆ ముందేడు బందరు హార్బర్ క్లబ్బు, గుడివాడ మిల్లు క్లబ్బు దిగాయి. రెండూ ఒకేసారి! నేను చిన్నప్పటినుంచీ కప్పు ఉంటే బందరులో ఉండేది, లేకపోతే గుడివాడలో ఉండేది. పాత ఆటగాళ్ళనే పట్టుకు వేళ్ళాడి, ఆ సీజన్లో రెండు క్లబ్బులూ చిత్తుగా ఓడిపోయాయి. అయినా దిగుతాయని ఎవరూ అనుకోలేదు. పెద్దాళ్ళ కోసం రూలు మారుస్తారులే అనుకున్నాం. లీగు మీటింగులో ఆ క్లబ్బుల ప్రెసిడెంట్లిద్దరూ అదే అడిగారు కూడా. మా లీగు సెక్రటరీ గారు మొండిఘటం. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, "రూలు రాసేటప్పుడు మీరూ సంతకం పెట్టారు కదండీ. దిగండి" అన్నారు. మొదట చప్పట్లు కొట్టింది నేనే. ఓడలు బళ్ళవుతాయంటారు కానీ, అలా కళ్ళముందు అవుతాయని ఎవడనుకున్నాడు?

అసలు ఆశ్చర్యం ఆ తర్వాత మొదలైంది. మిల్లు క్లబ్బు తొలిసారి అవనిగడ్డ వైపు ఆడ్డానికి వచ్చిన రోజు నా బండి ఊళ్ళోకి వెళ్ళలేదు. ట్రాక్టర్లు, ఆటోలు, మోటారు సైకిళ్ళతో దారి నిండిపోయింది. ఎవరో పెద్దాయన పోయారేమో అనుకుని బండి ఆపి అడిగాను. "మ్యాచండి. మిల్లు క్లబ్బు మనోళ్ళతో ఆడతందంట!" అన్నాడొకడు. పెద్దవాళ్ళు పడితే చూడాలని వచ్చారు జనం. వచ్చాక, చిన్న జట్లు కూడా ఆడగలవని తెలిసింది. వారం వారం పెరిగారే గానీ తగ్గలేదు. ఆ ఏడు మొదటి డివిజన్ మ్యాచులకి వెళ్ళేవాళ్ళే లేరు.

చిన్న జట్లన్నిట్లోకీ బాగా ఆడింది ఆ కాలవగట్టు ఊరి జట్టు. కెప్టెన్ నాంచారయ్య, ఇరవై ఆరేళ్ళ కుర్రాడు. మాట నెమ్మది, కాలు మాత్రం పిడుగు. వాళ్ళు ఆడే చేను సుబ్బారావు గారనే రైతుది. చుట్టూ ఉన్న పొలాలన్నీ అప్పటికే రొయ్యల చెరువులైపోయాయి. ఆయనకీ లీజుకి అడుగుతున్నారు. వర్షాలకి ముందే తవ్వించేద్దామనుకున్నారు. కానీ తన చేలోకి వేలమంది రావడం చూసేసరికి ఆయన మనసు మెత్తబడింది. ఒక ఆదివారం మ్యాచి అయ్యాక మైకు పుచ్చుకుని, "మన కుర్రాళ్ళు పై డివిజన్‌కి ఎక్కితే ఈ రెండెకరాలూ చెరువు చెయ్యను. ఊరికి వదిలేస్తాను. ఎక్కకపోతే మాత్రం నన్నేం అనకండి, నాకూ సంసారం ఉంది" అన్నారు. ఊరంతా విన్నది.

చివరి ఆదివారానికి లెక్క ఇలా తేలింది. మిల్లు క్లబ్బు అప్పటికే మొదటి స్థానంలో కుదురుకుంది. రెండో స్థానం హార్బర్ క్లబ్బుకా, ఈ ఊరికా అన్నది ఒక్క మ్యాచితో తేలాలి. హార్బర్‌కి డ్రా చాలు. నాంచారయ్య వాళ్ళు గెలిచి తీరాలి. మ్యాచి వాళ్ళ చేలోనే.

ఇంత పెద్ద మ్యాచికి గోల్‌పోస్టులకి వలలు ఉండాల్సిందేనని సెక్రటరీ గారు కబురు పెట్టారు. దివిసీమవాళ్ళకి వల గురించి ఒకరు చెప్పాలా? చేపల వేటకెళ్ళడం మానేసి వలలు బాగుచేసుకుంటూ ఉండే కామయ్య అనే పెద్దాయన పది రోజులు కూర్చుని రెండు నీలం వలలు అల్లాడు. అల్లడమే కాదు, దగ్గరుండి కట్టాడు. వేటాడేవాళ్ళకి ఒడ్డున వల వేలాడుతూ కనిపిస్తే తలవంపులు. ఆరేసినా, బాగుచేసినా, లాగి బిర్రుగా కట్టాల్సిందే. ఆయనా అలాగే కట్టాడు. పోస్టులకి వెనక మూరెడు దూరంలో మేకులు పాతి, నాలుగు మూలలా బిగదీశాడు. చూడ్డానికి ఎంత ముచ్చటగా ఉందో!

మ్యాచికి ముందు రిఫరీ గ్రౌండంతా చూసుకోవాలి. దాన్ని ఇన్‌స్పెక్షన్ అంటాం. గీతలు, జెండాలు, పోస్టులు, వలలు చూడాలి. వల దగ్గరికెళ్ళి చేత్తో ఊపాలి, బంతితో ఒక్కసారి తన్ని చూడాలి. బంతి పడితే వల దాన్ని పట్టుకోవాలి, వెనక్కి విసరకూడదు. కొత్త రిఫరీలకి ఈ పాఠం చెప్పేది నేనే. ఆ రోజు నేను ఆ పని చెయ్యలేదు. చేలోకి అడుగు పెట్టగానే ఆ జనాన్ని చూసి మతిపోయింది. మూడు వైపులా మనుషులే. కాలవ అవతలి గట్టు మీద కూడా మనుషులే, కొందరు పడవల్లో నిలబడ్డారు. ముప్ఫయ్యేళ్ళు గేదెల మధ్య విజిలు ఊదినవాణ్ణి! ఏదో కలలో నడిచినట్టు నడిచి, దూరం నుంచే వల చూసి, "భలే కట్టావు కామయ్యా" అన్నాను. ఆయన పొంగిపోయాడు.

ఎనభై నిమిషాలు దాటినా గోల్ పడలేదు. జనం తోసుకుంటూ గీత మీదకి వచ్చేశారు. మా లైన్స్‌మన్, అంటే గీత పక్కన జెండా పట్టుకుని పరిగెత్తే సహాయకుడు, ఆ గుంపులో ఇరుక్కుని సగం గ్రౌండు దగ్గరే ఆగిపోయాడు. అప్పుడే వెనకనుంచి పొడుగ్గా ఒక బంతి వచ్చింది. నాంచారయ్య దాన్ని ఛాతీతో దించి, ఇద్దర్ని తప్పించి, పాతిక గజాల నుంచి కొట్టాడు. నేను వెనకబడిపోయాను. వయసైపోయిన కాళ్ళు మరి. నాకూ గోల్‌కీ మధ్య నలుగురు ఆటగాళ్ళున్నారు. ధన్‌మని చప్పుడు. అంతలోనే బంతి తిరిగొచ్చి హార్బర్ గోల్‌కీపర్ చేతుల్లో ఉంది. పైబార్‌కి తగిలిందనుకున్నాను. అంత వేగంగా తిరిగొస్తే ఇంకేమనుకుంటాం? కీపర్ ఆ బంతిని ఎగరేసి తన్నేశాడు. నేను చేతులు ఊపి ఆట కానిమ్మన్నాను.

నాంచారయ్య నా ముందుకొచ్చి రెండు చేతులూ జోడించాడు. "గోలండీ మాస్టారూ! లోపల పడిందండీ, మీ కాళ్ళట్టుకుంటాను, ఒక్కసారి లైన్స్‌మన్‌ని అడగండి."

"బార్‌కి తగిలింది. ఆడు పో" అన్నాను.

"బార్ కాదండీ..."

యెల్లో కార్డు తీసి వాడి మొహం మీద చూపించాను. నాకు కోపం ఎక్కువ. ఎదురు చెప్తే అసలు పడదు. మిగిలిన నిమిషాలు ఎలా గడిచాయో తెలియదు. సున్నా సున్నాతో చివరి విజిలు ఊదాను. అంతే, జనంలోంచి మట్టిబెడ్డలు లేచాయి. "బందరోడు బందరోళ్ళకే ఊదాడ్రా!" అని అరుపులు. ఊరి పెద్దలు అడ్డుపడి నన్ను సుబ్బారావు గారి పశువుల పాకలో కూర్చోబెట్టారు. నేను లోపల మండిపడుతున్నాను. నా నిజాయితీని శంకిస్తారా అని.

జనం పల్చబడ్డాక కామయ్య వచ్చాడు. తిట్టడానికి వచ్చాడనుకున్నాను. ఆయన గుమ్మం దగ్గరే నిలబడి, "తప్పు నాదేనండి బాబూ" అన్నాడు.

"ఏం తప్పు?"

"చేను మెత్తగుండి వెనక మేకు ఊడొచ్చేత్తందండి. అందుకని తాడు చేతికి చుట్టుకుని గోలెనకే కూకున్నాను. నాంచారి కొట్టినప్పుడు నా చెయ్యి లాగేసిందండి. బారుకి తగిల్తే నా తాడెందుకు లాగుద్ది? వల్లోనే పడిందండి బంతి. నేను బిర్రుగా కట్టడం మూలాన బయటికొచ్చేసింది." అరచెయ్యి చాపాడు. తాడు కోసుకుపోయి ఎర్రగా గీత పడి ఉంది.

యాభయ్యేళ్ళు తాడుతో చేపని పట్టిన చెయ్యి అది. దానికి అబద్ధం తెలియదు. పరుగున గ్రౌండులోకి వెళ్ళి, కామయ్యని మళ్ళీ తాడు చుట్టుకుని కూర్చోమని, బంతి పెట్టి, గోల్లోకి గట్టిగా తన్నాను. ధన్‌మంది. బంతి తిరిగొచ్చి నా మోకాళ్ళకి తగిలింది. మళ్ళీ తన్నాను. మళ్ళీ వచ్చింది. చుట్టూ మిగిలిన నలభై, యాభై మంది గోల్ దగ్గరికి వచ్చేశారు. నాంచారయ్య పక్కకి తిరిగి కూర్చుండిపోయాడు. నేలలోకి కుంగిపోతే బాగుండుననిపించింది.

కామయ్య తప్పు కాదది, ఆయనకి వచ్చిన పని ఆయన నిఖార్సుగా చేశాడు. చూడాల్సిన పని నాది. అదే మాట రిఫరీ రిపోర్టులో రాశాను. ప్రతి మ్యాచి తర్వాతా లీగుకి ఇచ్చే కాగితం అది. "గోల్ న్యాయమైనది. ఇన్‌స్పెక్షన్ చెయ్యకపోవడం నా తప్పు. మ్యాచి మళ్ళీ ఆడించండి" అని సంతకం పెట్టాను.

వారం తర్వాత బందరులో విచారణ పెట్టారు. హార్బర్ గోల్‌కీపర్‌ని అడిగితే అతను తల దించుకుని, "లోపల పడిందండి. రిఫరీ ఊదలేదు కదాని తన్నేశాను" అన్నాడు. గదిలో వాళ్ళంతా నోళ్ళు వెళ్ళబెట్టారు. ఇంకేముంది, న్యాయం జరుగుతుందనుకున్నాను. సెక్రటరీ గారు రూల్స్ పుస్తకం తెరిచారు.

"చివరి విజిలు పడ్డాక రిఫరీ నిర్ణయం మారదు మాస్టారూ. తప్పయినా మారదు."

"అన్యాయమండీ! అందరూ ఒప్పుకున్నాక కూడానా?"

"పోయినేడు పెద్ద క్లబ్బుల్ని దించినప్పుడు మొదట చప్పట్లు కొట్టింది మీరే. వాళ్ళకి వంచని రూలు ఇప్పుడు వీళ్ళకి ఎలా వంచను, మీరే చెప్పండి."

ఆయన కళ్ళల్లో కూడా నీళ్ళున్నాయి. హార్బర్ క్లబ్బు పైకెక్కింది.

రెండు వారాలు ఆగి, సుబ్బారావు గారి కాళ్ళ మీద పడైనా ఆ చేను ఆపుదామని ఆ ఊరెళ్ళాను. అప్పటికే పొక్లెయిన్ దిగింది. సున్నం గీతల మీదుగా మట్టి పెళ్ళగిస్తోంది. దాన్ని నడుపుతున్నవాణ్ణి చూశాను. నాంచారయ్య! అతను బతుకుతెరువుకి చేసే పని అదేనని నాకు అప్పటిదాకా తెలియదు. నన్ను చూసి ఇంజను ఆపి దిగాడు.

"నువ్వా? నువ్వెలా తవ్వుతున్నావురా దీన్ని?"

"వేరే ఊరోణ్ణి పిలుత్తానన్నారండి సుబ్బారావు మావయ్య. ఎవడో వచ్చి మా గ్రౌండు తవ్వుతుంటే చూళ్ళేనండి. నేనే వత్తానన్నాను." చెమట తుడుచుకుని చేను వంక చూశాడు. "ఇవాళ సెంటరు సర్కిలు దాకా అయింది. ఆ గోలు రేపండి."

"నన్ను తిట్టరా నాయనా" అన్నాను. ఏడుపొచ్చేసింది నాకు.

"తిడితే చేనొచ్చుద్దా మాస్టారూ? రిపోర్టులో రాశారంట కదా. ఎండలో నిలబడకండి, వెళ్ళండి."

మరుసటి ఏడు పెద్ద క్లబ్బులు రెండూ పైన ఆడాయి. జనం వాటి వెనకే వెళ్ళిపోయారు. మా రెండో డివిజన్‌కి మళ్ళీ పాతికమందే. నాంచారయ్య జట్టు పక్కూరి స్కూలు గ్రౌండులో రెండు మ్యాచులు ఆడి, మూడో దానికి పదకొండు మంది కూడక ఆగిపోయింది.

నేను ఇప్పటికీ అప్పుడప్పుడూ విజిలు ఊదుతున్నాను. చూసేవాళ్ళు పదిమందే ఉన్నా, పదివేల మంది ఉన్నా, ముందు రెండు గోల్‌పోస్టుల దగ్గరికీ వెళ్ళి వల ఊపి, బంతి తన్ని చూస్తాను. ముసలాయనకి చాదస్తమని కుర్రాళ్ళు నవ్వుకుంటారు. నవ్వుకోనీ. ఒక్క తన్ను తన్నడానికి నాకు పట్టేది అర నిమిషం. ఆ రోజు ఆ అర నిమిషం నేను పెట్టి ఉంటే, ఆ ఊళ్ళో పిల్లలకి ఆడుకోడానికి రెండెకరాల నేల మిగిలేది.