తలంటి పంపిన పొట్టేలు

భీమడోలు స్టేషన్లో దిగేసరికి మంచు ఇంకా విడలేదు. భుజాన హావర్సాక్ సంచి. చంకలో చుట్టిన కంబళి, కంబళిలో పొట్టి పార. గుండుగొలను దాటి దక్షిణంగా నడిచాను. కంకర రోడ్డు పోయి మట్టిబాట వచ్చింది, మట్టిబాట పోయి గట్టు వచ్చింది. గట్టుకి ఎడమ వైపు కోసిన చేలు, కుప్పలు. కుడి వైపు నల్ల బురద, బురద వెనుక తుంగ, తుంగ వెనుక కొల్లేరు. గాలి ఈశాన్యం నుంచి వీస్తోంది. గట్టు చివర ఒక దిబ్బ, దాని మీద తాటాకు ఇళ్ళు, నడుమ మట్టిగోడల ప్రార్థన మందిరం. నా కొత్త పోస్టు అదే.

పల్లెకి ఉత్తరంగా, కేక వేస్తే వినపడే దూరంలో, పెద్ద ఊరు ఉంది. దాని పేరు రాయను. ఆనాటి వాళ్ళ బిడ్డలు ఇంకా అక్కడే కాపురాలు చేస్తున్నారు.

పటాలం రద్దు చేసి మమ్మల్ని ఇళ్ళకు పంపిన మరుసటి ఏడాది సంగతి ఇది. తాడేపల్లిగూడెంలో మా పాదిరిగారు నన్ను పిలిచి ఇచ్చిన ఆర్డరు చిన్నది. "హవల్దారూ, ఆ పల్లె వాళ్ళకి ఇది మొదటి క్రిస్మస్ విందు. చుట్టుపక్కల పల్లెల నుంచి చుట్టాలూ స్నేహితులూ వస్తారు. వంట నువ్వు నడిపించు. గొడవ కాకుండా చూడు." వంట మాట ముందు వచ్చింది, గొడవ మాట చివర వచ్చింది. ఆర్డరుని చివరి మాట నుంచి వెనక్కి చదవాలని సైన్యం నాకు నేర్పింది.

సరిహద్దు కొండల్లో నేను చేసిన కాపలా గురించి మన సంఘంలో పిల్లలు అడుగుతుంటారు. అక్కడ శత్రువు ఏ కొండ మీద ఉన్నాడో మాకు తెలుసు. కొల్లేటి గట్టు మీద అది తెలియలేదు. అందుకే ఈ డ్యూటీ గురించి రాస్తున్నాను.

గొడవ ఏమిటో అక్కడ ప్రార్థనలు నడిపే ఉపదేశిగారు చెప్పారు. ఆయన మెత్తటి మనిషి. నలిగిన కోటు వేసుకుని, ప్రతి మాటకీ ముందు గొంతు సవరించుకునేవారు. ఈ పల్లె వాళ్ళు తాతల నాటి నుంచి ఊరి అమ్మవారి జాతరకి డప్పు కొట్టేవారు. బాప్తిస్మం తీసుకున్నాక ఆ ఏడు జాతరకి ఒక్కరూ వెళ్ళలేదు. ఊరు వేరే చోటి నుంచి డప్పులు తెప్పించుకుని జాతర జరుపుకుంది. కోపం మాత్రం కడుపులో దాచుకుంది.

"ఇళ్ళున్న దిబ్బ కామందుగారిదండి," అన్నారు ఉపదేశిగారు. "కోతలూ నూర్పులూ ఆయన పొలంలోనేనండి. ఒక్క సాకు దొరికిందంటే దిబ్బ ఖాళీ చెయ్యమంటారు. మరి పిల్లాజెల్లాతో నీళ్ళలోకి దిగాలండి వీళ్ళు."

"అయితే సాకు దొరక్కూడదు," అన్నాను.

"ఆయ్. అంతేనండి."

ముందు పొయ్యి సంగతి చూశాను. గాలికి అడ్డంగా కాక, గాలి దారిలోనే పొడుగ్గా గాడిపొయ్యి తవ్వాను. మేము పటాలంలో తవ్వినవన్నీ మట్టిలో దాక్కోవడానికి. అన్నం వండడానికి తవ్వడం సుఖంగా ఉంది. సంఘపెద్ద కూడా పార పట్టాడు. ఆయన కామందు పొలంలో పాలేరు, ఎముకలు బలమైన మనిషి, మాట తక్కువ.

తరువాత బియ్యం. మన సంఘాల్లో ఆడవాళ్ళు ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి దేవుని పేర వేరే కుండలో వేస్తారు. ఏడాది పొడుగునా అలా దాచిన పిడికెళ్ళన్నీ పండగ బియ్యం. పాతవీ కొత్తవీ, ముతకవీ సన్నవీ కలిసిపోయి ఉంటాయి. వంటసాయిబుగారు ఆ బస్తాలో చెయ్యి పెట్టి తల కొట్టుకున్నాడు. ఆయన ఏలూరు నుంచి రెండు పెద్ద డేగిసాలతో పడవ మీద వచ్చాడు. పెళ్ళిళ్ళలో పేరున్న వంటవాడు.

"హవల్దార్ సాబ్, ఇందులో సగం జావ అవుతుంది, సగం పలుకు ఉంటుంది. పొలావు ఎలా వండమంటారండీ?"

"మాది సంఘం. ఉన్నదంతా కలిపే వండాలి," అన్నాను.

"సంఘానికి సర్ది చెప్పగలనండీ. బియ్యానికి చెప్పలేను."

ఆడవాళ్ళు నవ్వారు. నవ్వుతూనే చేటలు తెచ్చి కూర్చున్నారు. చెరిగి, చేత్తో నలిపి చూసి, కొత్త బియ్యం ఒక పక్క, పాత బియ్యం ఒక పక్క చేశారు. కొత్తవి బెల్లం పరమాన్నానికి, పాతవి పొలావుకి. ఇక మాంసం ఒక్కటే తక్కువ. రెండు మేకపిల్లల కోసం మర్నాడు సంఘపెద్ద ఉంగుటూరు వెళ్ళాలనుకున్నాం.

వెళ్ళనక్కర్లేకపోయింది. పండక్కి రెండు రోజుల ముందు కామందు గుమాస్తా పొట్టేలుని తోలుకుని వచ్చాడు. నల్లది. బలిసి ఉంది. ఎండలో మెరుస్తోంది.

"కామందుగారు పంపారండీ. మీ పండక్కి," అన్నాడు.

ఉపదేశిగారి కళ్ళు చెమర్చాయి. "దేవుడు మనసులు మారుస్తాడండి!" అని నాతో అన్నారు. నేను పొట్టేలు చుట్టూ తిరిగాను. చెవికి కోత లేదు. గొర్రెలకాపరి తన మందని చెవి కోతతో గుర్తుపెట్టుకుంటాడు. దీని చెవి పుట్టినప్పటిలాగే ఉంది. మెడ చుట్టూ, ఏదో పట్టెడ కట్టి విప్పినట్టు, వేలెడు వెడల్పున బొచ్చు అరిగి ఉంది. ఒంటి మీద కుంకుడుకాయ వాసన.

"పొట్టేలుకి తలంటి పంపారేమండీ?" అని గుమాస్తాని అడిగాను.

"శుభ్రం కోసమండీ. మీ పండగ కదండీ." నవ్వాడు. నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగాడు. "అన్నట్టు, భోజనాలు ఎన్నింటికండీ?"

ఉపదేశిగారు సంతోషంగా వేళ చెప్పేశారు. ఆ ప్రశ్న నాకు నచ్చలేదు. విందుకి రానివాడికి విందు వేళతో పనేమిటి?

సంఘపెద్ద తాడు పట్టుకుని పొట్టేలుని పల్లెలోకి నడిపించాడు. మొదటి ఇంటి గుమ్మం ముందు అది ఆగింది. లాగితే రాలేదు. ఆ ఇల్లాలు నవ్వుకుంటూ వచ్చి కాస్త తవుడు పెట్టింది. తిన్నది. తనంతట తనే కదిలి రెండో గుమ్మం ముందు ఆగింది. మూడో ఇంటి దగ్గరా అంతే. తల ఎత్తి, బాకీ వసూలుకి వచ్చినవాడిలా నిలబడింది. సంఘపెద్ద ముఖం పాలిపోయింది.

"ఏవండీ," అన్నాడు మెల్లగా. "మందలో పెరిగింది గుమ్మం ఎరగదండి. ఇది ఇల్లిల్లూ తిరిగి తిన్నది."

కొమ్ముల మొదట్లో బొచ్చు విడదీసి చూశాను. కుదుళ్ళలో పసుపు ఉంది. తలంటినా పోలేదు.

అమ్మవారి పేర మొక్కి వదిలిన పొట్టేలుకి యజమాని ఉండడు. ఊరంతా మేపుతుంది. వచ్చే జాతర దాకా దాని మీద ఎవరూ చెయ్యి వెయ్యరు. అలాంటిదాన్ని మా పల్లె కోసి తిన్నదంటే దిబ్బ ఒక్కటే కాదు, తలలు కూడా దక్కవు. తిప్పి పంపితే కామందు ఇచ్చిన కానుకని కాదన్నట్టు. సాకు రెండు వైపులా పదునుగా ఉంది.

మందిరంలో కూర్చుని మాట్లాడుకున్నాం. ఉపదేశిగారికి నా మాట కష్టంగా తోచింది.

"అపొస్తలుడు ఏమన్నాడండి? పెట్టింది తినమన్నాడు, మనస్సాక్షి కోసమని ఏ విచారణా చెయ్యొద్దన్నాడు. మీరేమో పొట్టేలుని కోర్టులో నిలబెడుతున్నారు."

"బైబిల్లో అదే చోట ఇంకో మాట కూడా ఉందండి. ఇది విగ్రహానికి ఇచ్చిందని తెలిస్తే ముట్టొద్దన్నాడు."

"తెలిస్తే కదండి? మనకి ఎవరూ చెప్పలేదు."

"పొట్టేలు చెప్పింది కదండీ," అన్నాడు సంఘపెద్ద.

అతని తల్లి గోడ పక్కన కూర్చుని ఉంది. చూపు ఆనని ముసలమ్మ, పల్లెలో మొదట బాప్తిస్మం తీసుకున్నది ఆవిడే. "అబద్ధం చెప్పి మాత్రం తప్పించుకోవద్దు నాయనా," అంది. "తాడు తెంపుకుపోయిందని, దొంగలెత్తుకెళ్ళారని అనొద్దు. పండగపూట ఆ కూడు నాకు సయించదు."

నేను ప్రార్థన చేశాను. తరువాత ఆర్డర్లు ఇచ్చాను. పొట్టేలుని కొయ్యరాదు. దానికి మేతా నీళ్ళూ సంఘపెద్ద ఒక్కడే పెట్టాలి. మాంసం సంగతి బయట ఎవరడిగినా పండగనాడు చూడమనాలి. సంఘపెద్ద ఉంగుటూరు వెళ్ళి మేకల బేరం చేస్తే ఆ వార్త గుమాస్తాకి ముందే చేరుతుంది, కనుక అదీ మాన్పించాను. రేవులో ఉన్న ఒక జాలరికి బియ్యం ఇచ్చి కొర్రమీనులు తీసుకున్నాను. కొర్రమీను గట్టి ప్రాణి. తడి బుట్టలో రెండు రోజులు బతుకుతుంది.

వంటసాయిబుగారు బుట్ట చూసి నడుము మీద చేతులు పెట్టుకున్నాడు.

"ఏలూరు నుంచి నన్ను చేపల పులుసుకి పిలిపించారా సాబ్? మా బావమరిది వింటే నా డేగిసాల్లో గేదెలకి కుడితి పోస్తాడు."

"కత్తి నూరండి సాయిబుగారూ. ఏది కొయ్యాలో తరువాత చెబుతాను."

"మీకు అనుమానం జబ్బండీ," అన్నాడు. కానీ చింతపండు నానబోశాడు.

పండగనాడు తెల్లవారగానే సంఘపెద్దా నేనూ పొట్టేలుని గట్టు మీదికి తీసుకెళ్ళాం. ముందే వదిలితే గుమాస్తాకి ఇంకో సాకు వెతికే వ్యవధి దొరికేది. నలుగురూ చూసే వెలుగులో, దాక్కోకుండా. మెడ తాడు విప్పేశాను. దాన్ని తోలలేదు, అదిలించలేదు. అది ఒకసారి చెవులు ఆడించి, ఉత్తరంగా తిరిగి, ఊరి దారి పట్టింది. పది బారల వెనుక మేము నడిచాం. ఊరి మొగదల ఆగాం. అక్కడి నుంచి ముందుకి మా వాళ్ళు చెప్పులతో నడిచే వీధి కాదు.

పొట్టేలు మొదటి పెంకుటింటి ముందు నిలబడింది. ముగ్గు వేస్తున్న ఒక పెద్దావిడ తల ఎత్తింది.

"ఓర్నీ! ఎక్కడికి పోయావురా నాయనా రెండ్రోజుల్నించీ? అమ్మోరి పొట్టేలు కనపట్టం లేదని ఊరంతా ఏడుస్తుంటేను!" లోపలికి తిరిగి కేక వేసింది. "ఏమే అమ్మాయ్, కుడితి పట్రా! అమ్మోరి పొట్టేలొచ్చింది!"

ఆవిడ దాని నుదురు తాకి కళ్ళకద్దుకుంది. సంఘపెద్ద నా మోచెయ్యి పట్టుకున్నాడు. వెనక్కి వచ్చేశాం. వచ్చేటప్పుడు ఊరి బయట కళ్ళం మీద పది, పన్నెండు మంది మగవాళ్ళు కనిపించారు. నూర్పు లేదు, ఎద్దులు లేవు. ఊరికే కూర్చుని ఉన్నారు. నడుమ గుమాస్తా తలపాగా. వాళ్ళు మా పల్లె వైపు చూస్తున్నారు కాని, కుప్ప చాటున వెళుతున్న మమ్మల్ని చూడలేదు.

"ఏది కోస్తున్నాం సాబ్?" అన్నాడు వంటసాయిబుగారు.

"చేప."

ఆడవాళ్ళు కొర్రమీనులకి బూడిద పూసి రాళ్ళ మీద తోమారు. గాడిపొయ్యి పొగ సన్నగా లేచి నైరుతికి పోయింది. ఆరాధన ముగిసేసరికి పాత బియ్యం పొలావు దిగింది, పరమాన్నం దిగింది, పులుసు ఉడుకుతోంది. చుట్టాలు దోనెల మీద, గట్టు మీద వచ్చారు. చాపలు పరిచాం. విస్తళ్ళు వేశాం. నేను గట్టుకి ముఖం పెట్టి నిలబడ్డాను.

సరిగ్గా ఉపదేశిగారు చెప్పిన వేళకి వాళ్ళు వచ్చారు. కళ్ళం మీదివాళ్ళే. చేతుల్లో కర్రలు. ముందు గుమాస్తా. ఇప్పుడు నవ్వడం లేదు. పిల్లల్ని తల్లులు దగ్గరికి లాక్కున్నారు. సంఘపెద్ద లేవబోతే కూర్చోమని సైగ చేశాను.

"ఊళ్ళో అమ్మవారి పొట్టేలు పోయింది," అన్నాడు గుమాస్తా, అందరికీ వినపడేట్టు. "ఏం వండారో చూడాలి."

"మీరు తెచ్చిన పొట్టేలు గురించా అండీ?" అన్నాను.

వెనుకవాళ్ళలో ఇద్దరు అతని వంక చూశారు. ఆ సంగతి వాళ్ళకి చెప్పినట్టు లేదు.

"పొద్దున్నే ఊళ్ళోకి పంపేశామండి. మొదటి పెంకుటింట్లో కుడితి తాగింది. మీ ఆడవాళ్ళని అడగండి. ఇక్కడ వండింది ఇదీ." డేగిసా మూత తీశాను.

ఆవిరి ఒక్కసారిగా లేచింది. కర్ర పట్టుకున్న ఒక మనిషి ముందుకి వంగి లోపలికి చూశాడు. నలభై ఏళ్ళుంటాయి. చెంపలు లోపలికి పోయి ఉన్నాయి. పొద్దుటి నుంచి కళ్ళం మీద మా పొగ చూస్తూ కూర్చున్న మనిషి.

"చేపలు," అన్నాడు. "చేపల పులుసురా."

సంఘపెద్ద తల్లి చూపు ఆనకపోయినా గొంతు వచ్చిన వైపు తిరిగింది. "పండగపూట గుమ్మంలోకి వచ్చారు బాబూ. కూర్చోండి. ఇంత తినెళ్ళండి."

ఆ మాటకి ఒకడు ఉమ్మేశాడు. గుమాస్తా వెనక్కి తిరిగాడు. ఒక్కొక్కరే గట్టెక్కి వెళ్ళిపోయారు. దారిలో వాళ్ళలో వాళ్ళకి మాట పెరగడం వినపడింది. మేము ప్రార్థన చేసి వడ్డించాం. వంటసాయిబుగారు రెండోసారి పులుసు పోస్తూ, "చేప బాగా కుదిరింది కదండీ," అని నా చెవిలో అన్నాడు.

దిబ్బ నిలిచింది. కామందు తెలిసి పంపాడా, గుమాస్తా సొంతంగా పన్నాడా, నాకు ఇప్పటికీ తెలియదు. మర్నాడు పొయ్యి పూడ్చి, పార కంబళిలో చుట్టుకుని, భీమడోలులో బండి ఎక్కాను. తాడేపల్లిగూడెంలో పాదిరిగారు అరుగు మీదే ఉన్నారు.

"గొడవ అయిందా?"

"లేదండి."

"విందు?"

"అయిందండి. అందరూ తిన్నారు."

అన్నాక ఆగిపోయాను. అందరూ తినలేదు. డేగిసా మీద వంగిన ఆ మనిషి ముఖమంతా ఆవిరి పట్టి తడిసింది. ముసలమ్మ కూర్చోమన్నప్పుడు అతను కర్ర కింద ఆనించాడు. కాళ్ళు కొంచెం వంగాయి. పక్కవాళ్ళని చూసి మళ్ళీ నిటారుగా నిలబడ్డాడు. అప్పుడు అతని గొంతు కదిలింది. ఒక్క గుటక. దాన్ని చూసింది నేనొక్కణ్ణే. నన్ను కొట్టడానికి వచ్చిన మనిషి ఆకలి అది. ఇన్నేళ్ళుగా మా ఇంట్లో పండగ గిన్నె మీద మూత తీసిన ప్రతిసారీ, ఆవిరి అవతల ఆ గొంతు కదులుతూనే ఉంది.