బ్యారెల్ తోమిన రోజులు

ఆ రోజుల్లో కుదురుగా కూర్చోవడం అంటే ఏమిటో నాకు తెలియదు. మదనపల్లె టమాట మార్కెట్‌లో కొత్తగా గుమాస్తాగా చేరాను. సాయంత్రమైతే పుంగనూరు బస్సెక్కి, అక్కడ ఒక రిటైరైన మిలిటరీ మనిషి నేర్పే షూటింగ్ తరగతికి పరుగెత్తేవాణ్ణి. (ఆయన్ని అందరం గురి మామ అనేవాళ్లం.) జిల్లా జట్టు ఎంపిక నెల రోజుల్లో ఉందనగా, కుప్పంలో షూటింగ్ పోటీలకు వెళ్లే ఒక అక్క తన పాత ఎయిర్ పిస్టల్ అమ్ముతోందని తెలిసి, ముందూ వెనకా చూడకుండా కొనేశాను.

మొదటి వారం గుళ్లు బాగానే తగిలాయి. తర్వాత తోటివాడొకడు, "సెకండ్ హ్యాండ్‌దా? బ్యారెల్ అరిగిపోయుంటాది సూడు" అన్నాడు. ఆ మాట చెవిలో జోరీగలా తిరిగింది. గొట్టం లోపల గుండును తిప్పుతూ పంపే సన్నని గాడులు అరిగితే గురి చెదురుతుందని ఫోన్‌లో చదివాను. ఇక పొద్దునా సాయంత్రం గుళ్లు తీసేసి, టార్చి వేసి లోపలికి చూడటమే పని. చూడాలంటే శుభ్రంగా ఉండాలి కదా, అందుకని ఇనుప బ్రష్ పెట్టి తోమేవాణ్ణి. కొన్నాళ్లకు నిజంగానే గుళ్లు చెదరసాగాయి. నా అనుమానమే నిజమైందని ఇంకాస్త తోమాను. "పిస్టల్‌ని వదిలేసి నీ ఊపిరి సూస్కోప్పా" అని గురి మామ మొత్తుకున్నా వినలేదు.

ఎంపిక వారం ఉందనగా సెలవు పెట్టి కుప్పం వెళ్లాను. "అరిగిపోయింది నాకు అంటగట్టినావు కదక్కా!" అని గొడవకు దిగాను. ఆమె నన్ను తన భర్త గ్రానైట్ షెడ్డుకు తీసుకెళ్లి, పిస్టల్‌కు రబ్బరు చుట్టి కదలకుండా పట్టి ఉంచే వైస్‌లో బిగించి, ఎదురుగా అట్ట పెట్టి ఐదు గుళ్లు పేల్చింది. తలా ఒక దిక్కుకు పోయాయి.

"సూసినావా? చెయ్యి కదల్లేదు, అయినా చెదిరినాయి!" అన్నాను, అప్పుడే పతకం గెలిచినవాడిలా.

ఆమె పిస్టల్ ఖాళీ చేసి, భూతద్దం పెట్టి గొట్టం మూతిని చాలాసేపు చూసింది.

"ఇవి కొత్త గీతలప్పా. ఏం పెట్టి తోమినావు?"

"ఇనుప బ్రష్షక్కా."

"ఎన్నిసార్లు?"

"రోజుకి రెండు... మూడు."

"యాల?"

"అరిగినాదేమో సూద్దామని."

ఆమె భర్త నవ్వాపుకోలేక బయటికి పోయాడు. (రాళ్లు పాలిష్ చేయించే మనిషి, ఎంత తోమితే ఎంత అరుగుతుందో ఆయనకు చెప్పక్కర్లేదు.) నేను తల దించుకుని తప్పు ఒప్పుకున్నాను. అక్క తన పోటీ పిస్టల్ తెచ్చి చేతిలో పెట్టింది. "దీన్ని తోమినావంటే మళ్లా కుప్పంలో కాలు పెట్టనియ్యను!"

ఎంపిక రోజున మంచి పిస్టల్, మంచి వెలుతురు. నెపం వెయ్యడానికి ఏమీ దొరక్క చెయ్యి మరీ వణికింది. ఒక్క స్థానం తేడాతో జట్టులో చోటు తప్పిపోయింది.

ఇప్పుడు తలుచుకుంటే అప్పటి నన్ను, ఆ కుర్రాణ్ణి, తిట్టబుద్ధి కాదు. పక్కన కూర్చోబెట్టుకుని, వేడి టీ ఇప్పించి, అది తాగేదాకా లేవొద్దని చెప్పాలనిపిస్తుంది. వింటాడని కాదు. గ్లాసు సగంలో వదిలేసి బస్సు వెంట పరుగెత్తుతాడని తెలిసే.