తీసెయ్యమన్న ఫోటో

మా వైపు సెకండ్ హ్యాండ్‌లో ఏది కొన్నా, అంతకుముందు దాన్ని ఒక డాక్టరే వాడి ఉంటాడు. మా మామ కొన్న స్కూటరు డాక్టరుదే, మా బళ్ళో పెట్టిన ఫ్రిజ్జూ డాక్టరుదే. విరుదునగర్ బస్టాండు వెనక సందులో నేను కొన్న డిజిటల్ కెమెరా కూడా, అంగడాయన మాట ప్రకారం, ఎవరో డాక్టరమ్మ పండక్కీ పబ్బానికీ మాత్రం బయటికి తీసి, తుడిచి దాచుకున్నదే. అంత పదిలంగా దాచుకుంటే బ్యాటరీల మూతకి రబ్బరు బ్యాండు ఎందుకు చుట్టారని అడిగాను. పదిలంగా ఉండాలనేనన్నాడు.

నవ్వొచ్చింది కానీ లేచి వచ్చేసే స్థితిలో లేను. కోవిల్‌పట్టిలో ఒక ప్రైవేటు బళ్ళో లెక్కలు చెప్పేదాన్ని, కొత్త కెమెరా నాకు అందే వస్తువు కాదు. సెల్‌ఫోన్లు అప్పటికింకా మాట్లాడుకోడానికే. నాకు కావలసింది ఒకే ఒక్క ఫోటో, మా నాయినది.

నేను పాకే రోజుల్లోనే నాయిన పోయాడు. అమ్మ దగ్గరున్న ఫోటో ఒక వానాకాలం ట్రంకుపెట్టెలోనే నాని ముద్దయిపోయింది. ఇక ఆయన మొహం మిగిలింది కడంబూరు దగ్గరి పల్లెలో, ఆయన అక్క ఇంట్లో, గోడమీది ఫ్రేములో. ఆమె మా అత్త. ఆ ఫోటోని ఎవరి చేతికీ ఇచ్చేది కాదు. ప్రతి అమావాస్యకీ కొంగుతో అద్దం తుడిచి, దాని ముందు అన్నం పెట్టేది. పోయినవాళ్ళ ఫోటో వాకిలి దాటితే వాళ్ళకి మళ్ళీ ఇల్లు దొరకదని ఆమె నమ్మకం. స్టూడియోకి పట్టుకెళ్ళి సాయంత్రానికల్లా తెచ్చిస్తానని ఎన్నోసార్లు బతిమాలాను. "మీ నాయిన ఒకతూరి ఈ వాకిలి దాటి పోయినోడే. మళ్ళా నేను పంపను" అనేది. స్టూడియో వాళ్ళేమో ఒక్క ఫోటో కోసం ఆ పల్లెకి రామన్నారు.

అమ్మ కూడా పోయాక నాకు పంతం పట్టుకుంది. అమ్మ ఫోటో పక్కన నాయిన ఉండాలి. ఫోటో రాకపోతే కెమెరానే అక్కడికి పోతుంది.

అంగడాయన కెమెరాని నా మొహానికేసి పట్టి నొక్కాడు. కళ్ళు జిగేల్‌మన్నాయి. ఇంకోసారి నొక్కాడు, మళ్ళీ జిగేల్. "చూశారా టీచర్, ఫ్లాష్ ఒక్కసారి కూడా తప్పదు" అన్నాడు తమిళంలో, తనే కనిపెట్టినంత గర్వంగా. పాత కెమెరా కదా, ఫ్లాష్ వెలగదేమోనని భయపడుతూ వెళ్ళినదాన్ని నేను. ఆగదేమోనని భయపడాలని నాకేం తెలుసు?

ఆదివారం పొద్దున్నే అత్తవాళ్ళింటికి వెళ్ళాను. మామ ఫ్రేముని గోడ మీంచి దించి, గడపకి ఈవలనే చాప మీద పెట్టాడు. మామ సేద్యం చేసుకునే మనిషి, అత్త చెప్పింది చెప్పినట్టు చేసి ఇంట్లో శాంతి కాపాడుకుంటూ వచ్చాడు. నేను వంగి నొక్కాను. చిన్న తెరలో నాయిన చొక్కా ఉంది, చేతులున్నాయి, మొహం ఉండాల్సిన చోట తెల్లటి వెలుగు. అద్దంలో ఫ్లాష్. ఆపుదామని మీట తిప్పితే అది అరిగిపోయి ఊరికే తిరుగుతోంది. పక్కకి జరిగి తీశాను, కుర్చీ ఎక్కి తీశాను, వేలు అడ్డం పెట్టి తీశాను. వేలు పెడితే అంతా చీకటి, తీస్తే మళ్ళీ వెలుగు. ఎండలో పెడితే ఏమన్నా కుదురుతుందేమో, కానీ గడప దాటకూడదు. ఎటు పోయినా దారి లేదు. ఏడుపొకటే తక్కువ.

అద్దం లేకుండా చూద్దామని మామే అన్నాడు. ఫ్రేము బోర్లించి, వెనక మేకులు పీకి, అట్ట తీశాడు. ఫోటో మూలని గోటితో కదిపి చూసి, "అద్దానికి అతుక్కపోయుండాది" అన్నాడు. వద్దు మామా, వదిలెయ్ అన్నాను. అతను ఫోటోతో సహా అద్దాన్ని నిలబెట్టి పట్టుకున్నాడు. కొంచెం వాలుగా పట్టుకోమని, నేను మళ్ళీ కెమెరా ఎత్తాను.

తమ్ముణ్ణి అట్లా నేలమీద పడుకోబెట్టిన దగ్గర్నుంచీ అత్తకి మనసు మనసులో లేదు. అమంగళంగా తోచినట్టుంది. ఇక పట్టలేక, "పోదుం, ఇంక సాలు, పోటో తీసెయ్యి" అంది.

తమిళనాట మా తెలుగిళ్ళల్లో 'తీసెయ్యి' అన్న మాటకి రెండు దారులు. తమిళంలో 'ఎడుత్తుడు' అన్నట్టే, తీసే పని ముగించెయ్యి అని ఒకటి, ఉన్నచోటి నుంచి ఊడదీసెయ్యి అని ఇంకొకటి. అత్త నాతో అంది. నొక్కి ముగించమంది. మామ తనతో అన్నదనుకున్నాడు. ముప్పై ఏళ్ళుగా ఆ గొంతు ఏం చెబితే అది చేసిన చెయ్యి కదా, ఆగలేదు. కాగితం పట్టుకుని లాగాడు.

చర్రుమంది. చొక్కా, చేతులు కాగితంతో వచ్చాయి. మొహం మాత్రం నుదుటి నుంచి గడ్డం దాకా పొరలు పొరలుగా అద్దం మీద ఉండిపోయింది. ఏం జరిగిందో మా ముగ్గురికీ ఇంకా తలకెక్కలేదు. అత్త అద్దాన్ని తీసుకుని, అమావాస్యకి తుడిచినట్టే, మురికేదో అడ్డొచ్చినట్టు, కొంగుతో తుడిచేసింది. నేను "అత్తా" అనేలోపే అద్దం శుభ్రంగా ఉంది. ఆమె కొంగు చూసుకుని అట్లాగే కూర్చుండిపోయింది. మామ "నువ్వు సెప్తివి గదా, తీసెయ్యమని" అన్నాడు, ఎవరికీ వినపడనంత మెల్లగా. తిట్టాలనే ఉంది నాకు. ఎవర్ని తిట్టాలో తెలిస్తే కదా.

కోవిల్‌పట్టి స్టూడియోలో ఆ ఫోటోలన్నీ కంప్యూటర్లో ఎక్కించి చూపించాను. వేలు పెట్టినవి ఒట్టి చీకటని, మిగతా అన్నిట్లోనూ మొహం మీద వెలుగేనని, దాని కింద ఏమీ లేదని, లేనిదాన్ని తేలేనని స్టూడియో ఆయన అన్నాడు. పోలిక ఉన్నవాళ్ళ ఫోటో ఏదన్నా ఇస్తే అతికిస్తాడట. నేను కెమెరా సంచిలో వేసుకుని వచ్చేశాను.

తర్వాత అమావాస్యకి అత్త దగ్గరికి వెళ్ళాను. చినిగిన కాగితాన్నే మళ్ళీ ఫ్రేములో పెట్టించి, గోడకి తగిలించి, అన్నం పెట్టింది. ఇద్దరం దాని ముందు కూర్చున్నాం. చిన్నప్పట్నించీ ఆయన్ని కళ్ళారా చూసినవాళ్ళలో ఇక మిగిలింది ఆమె ఒక్కతే అనిపించి అడిగాను.

"అత్తా, నాయిన మొహం ఎట్లుండేది? నువ్వన్నా చెప్పు."

"వాణ్ణి సంకనేసుకోని తిప్పిందాన్ని, నాకు తెలీదా?" అంది విసుగ్గా. "ముక్కు..." అని మొదలుపెట్టి, తన ముక్కు తడుముకుని ఆగింది. కళ్ళు మూసుకుంది. కళ్ళు తెరిచి, నా వైపు చూడకుండా చెప్పింది.

"ఆ పోటోలో ఎట్లుండెనో, అట్లనే ఉండె."