బూడిద మేత

రత్నకుమారి లేచేసరికి పక్క మంచం ఖాళీగా ఉంది. తలుపు గడియ తీసుంది. పొయ్యి పక్కన బూడిద డబ్బా బోర్లాపడి ఉంది.

ఆమె భర్త కృపానందం కలిదిండి చుట్టుపక్కల చెరువుల్లో చేపలకు మేత కట్టి బతికిన మనిషి. తవుడు నింపిన సంచికి చిల్లులు పొడిచి, నీళ్లలో పాతిన వెదురు గెడకు వేలాడగట్టేవాడు. చేపలు మూగితే నీళ్లు ఉడుకుతున్నట్టు కదిలేవి. ఇప్పుడాయనకు ఆ కదలిక ఒక్కటే గుర్తుంది. రెండేళ్లుగా ఆయన మతి మంచు పట్టిన కొల్లేరు. ఒక్కోరోజు ఒడ్డు కనిపిస్తుంది, ఒక్కోరోజు భార్య కూడా కనిపించదు.

చర్చిలో అడిగినవాళ్లందరికీ రత్నకుమారి "మోకాళ్ల నొప్పులండీ" అని చెప్పుకొచ్చింది. పిచ్చోడి పెళ్లాం అనిపించుకోవడం కన్నా అబద్ధం తేలికనిపించింది.

ఆ అబద్ధమే ఇప్పుడు ఆమెను గట్ల వెంట పరిగెత్తిస్తోంది. మొన్ననే ఎవరో ఒక చెరువులో విషం కలిపారు. తెల్లారేసరికి నీళ్లనిండా తెల్లటి పొట్టలు. అప్పటినుంచి కొత్త మనిషి కనబడితే కాపలావాళ్లు ముందు కొట్టి, తర్వాత పేరడుగుతున్నారు.

వెంకట్రాజు గారి చెరువు దగ్గర అరుపులు వినిపించాయి. కొత్తగా చేరిన కాపలాదారు వీరాస్వామి ఒక చేత్తో కృపానందం మెడ పట్టుకున్నాడు. రెండో చేతిలో కర్ర లేచి ఉంది. నీళ్లలో గెడకు కట్టిన సంచి చుట్టూ బూడిదరంగు మరక మెల్లగా విప్పారుతోంది.

"ఏం కలిపావు? నిన్నెవరు పంపారు?"

"మేతరా అబ్బాయ్. పాపం, ఆకలి మీదున్నాయి." కృపానందం నవ్వాడు. ఆ నవ్వుకి వీరాస్వామికి ఇంకా మండింది.

"కొట్టకండి బాబూ!" రత్నకుమారి నడుంలోతు నీళ్లలోకి దిగింది. సంచిలోంచి గుప్పెడు తీసి నోట్లో వేసుకుంది. "బూడిదండీ, మా పొయ్యిలో బూడిద. ఆయనకి... ఆయనకి మతి నిలవట్లేదండీ. తవుడనుకున్నారు."

కర్ర దిగలేదు. వీరాస్వామి నీళ్లకేసి చూస్తున్నాడు. ఆమె కూడా చూస్తోంది, ఏ చేపైనా వెల్లకిలా తేలుతుందేమోనని. నోట్లో బూడిద మింగుడుపడటం లేదు. ఎంతసేపటికో ఒక చేప ఎగిరి, మళ్లీ మునిగింది.

అతను కర్ర దించాడు.

"ముందే చెప్పుంటే నేనే ఇంటికి తీసుకొచ్చేవాణ్ణి కదమ్మా! మేతకి ఇంత పెందలాడే వచ్చే పనోణ్ణి మా రాజుగారు ఎన్నడూ చూళ్లేదులెండి." అతని నవ్వు మధ్యలోనే ఆగింది. "పక్క చెరువోళ్లకి తెలుసా?"

"తెలీదండీ."

"వాళ్లు నాలా ఆగరండీ."

కృపానందాన్ని వీరాస్వామి పాకలో కూర్చోబెట్టి, రత్నకుమారి తడిచీరతోనే పక్క గట్టెక్కింది. కుక్కలు మొరుగుతూ ఎదురొచ్చాయి. అక్కడి పాకలోంచి బయటికొచ్చిన కాపలా మనిషికి దూరం నుంచే రెండు చేతులూ ఎత్తి చూపించింది.

"ఏవండీ, ఒక్కమాటండీ. మా ఆయన పేరు కృపానందం..."