మైకు లేని డ్రోన్ తెచ్చిన పెండ్లి పాట

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. ఇది రాసేటప్పటికి కూడా లేదు. మాది మణుగూరు. నాన్న బొగ్గు గనుల్ల ఎలక్ట్రీషియన్. ఇంట్ల పొద్దుమాపు ప్రార్థన ఉంటది గని, దయ్యాల ముచ్చట తీస్తే అమ్మ ఊకునేది కాదు. నేను సివిల్ డిప్లొమా చదివి, డ్రోన్ ఎగరేసే లైసెన్సు తీసుకున్న. అందుకే ఏం జరిగిందో వరసగ, నేను చూసినంత మటుకే చెప్త.

నిరుడు ఎండాకాలం చర్ల అవతల ఒక వాగు మీద మా కంపెనీ వంతెన కడుతుంది. వారానికోసారి నేను సైటు మీద డ్రోన్ ఎగరేసి, పని ఎంతదాక వచ్చిందో వీడియో తీసి హైదరాబాద్ ఆఫీసుకు పంపాలె. ఎగరేసే ముందు పోలీసు క్యాంపుల చెప్పి రావాలె. అది అక్కడి పద్ధతి.

అప్పటికి స్లాబులన్నీ అయిపోయి రెయిలింగ్ పని నడుస్తుంది. వానాకాలం నాలుగు నెలలు వాగు ఒడ్డునున్న ఊరికి దారి ఉండది. అందుకని సాయంత్రం పని ఆగినంక ముసలోళ్లు కూడా వచ్చి, వంతెన మీద ఊరికే ఆ చివరిదాక నడిచి, మళ్ల వెనక్కి నడిచి పోయేటోళ్లు.

కన్నమ్మక్క ఆ ఊరామెనే. కోయోళ్లు. కొత్త సిమెంటు ఎండకు పగలకుండ పొద్దంతా నీళ్లు కొట్టే పని ఆమెది. ఏం చెప్పినా ముందుగాల నవ్వు, తర్వాత మాట. ఆ నెలల ఆమె కొడుకు పెండ్లి. పిల్లది వాగు అవతలి ఊరు. అన్నీ కుదిరినయ్ గని, ఒక్కదానికే ఆమెకు దిగులు.

కొత్త కోడల్ని వాగు దాటించేటప్పుడు వాళ్లింట్ల ఒక పాట పాడతరు, కోయ మాటల్ల. అది మొత్తం వచ్చింది కన్నమ్మక్క అత్త లచ్చమ్మకు ఒక్కదానికే. ఆమె చనిపోయి ఆరేండ్లు.

"మొదటి రెండు వరసలు వస్తయ్ బిడ్డా. తర్వాతది ఎంత యాది చేసుకున్నా రాదు," అన్నది నాతోటి. "మా అత్త నన్ను గా పాటతోనే తెచ్చింది. నా కోడల్ని ఉత్తగ ఎట్ల తెచ్చుకోను?"

ఊర్ల పెద్దోళ్లందర్ని అడిగింది. తలా ఒక ముక్క చెప్పిండ్రు. ఒకదానికొకటి అతకలే.

పెండ్లి ఇంక పది రోజులుందనంగ, శుక్రారం పొద్దున పదింటికి డ్రోన్ లేపిన. గాలి లేదు. వాగుల చుక్క నీళ్లు లేవు, అంతా ఇసుకనే. పన్నెండు నిమిషాలు తీసి దించి, వీడియో ఆఫీసుకు పంపిన.

గంట తర్వాత మేనేజర్ సార్ ఫోన్ చేసిండు.

"ఎస్తేర్, సైటు వీడియోకు పాట పెట్టినవేంది?"

"నేనేం పెట్టలే సార్."

"మంచిగనే ఉంది గని మనకొద్దు. తీసేసి పంపు."

మా డ్రోన్‌కు మైకు లేదు. దాని వీడియోలకు సౌండే రాదు. ఒకవేళ మైకు ఉన్నా రెక్కల మోత తప్ప ఏం వినపడది. కార్డు లాప్‌టాప్‌ల పెట్టి చూసిన. అంతకుముందు వారాల వీడియోలు అన్నీ తీసి చూసిన. దేంట్లనూ సౌండ్ లేదు. దీంట్ల ఉంది.

రెక్కల మోత లేదు. ఒక పెద్దామె గొంతు, నాకు తెలియని భాష. ఆ గొంతు వెనక నీళ్ల చప్పుడు. నిండు వాగుల మనుషులు అడుగు తీసి అడుగు వేస్తుంటే వచ్చే చప్పుడు. సైటు ఆఫీసు కిటికీలకెళ్లి చూస్తే బయట ఎండిన ఇసుక.

నాకు భయం కాలే. ఆ గొంతు వింటుంటే భయపడబుద్ధి కాలే.

మధ్యాహ్నం ఆడోళ్లంతా నీడల కూసొని బువ్వ తింటుంటే, ఎవరన్న గుర్తుపడతరేమోనని లాప్‌టాప్ పట్టుకపోయి పెట్టిన. రెండు వరసలు అయినయో లేదో, కన్నమ్మక్క ముద్ద చేతిలనే ఉండిపోయింది.

"మా అత్త," అన్నది.

ఆమె కండ్లు మూసుకొని కొంచెంసేపు విని, గబుక్కున నా మోచెయ్యి పట్టుకున్నది.

"ఇది నేనొచ్చిన నాటిది బిడ్డా. ఆ యేడు అకాల వాన పడి, వాగు నడుం లోతు వచ్చింది. అత్త నా చెయ్యి పట్టుకొని పాడుకుంటనే దాటిచ్చింది. ఇగో, ఇప్పుడు నేను జారుత చూడు."

నాలుగైదు సెకన్లకు పాట ఆగింది. నీళ్లల్ల దబ్బుమన్నది. ఒక పడుచుపిల్ల "అమ్మో" అని, వెంటనే పడీపడీ నవ్వింది. పెద్దామె కూడా నవ్వి, ఆపిన కాడికెళ్లి మళ్ల పాట అందుకున్నది.

ఆ నవ్వు నేను రోజూ వినే నవ్వే. కన్నమ్మక్క నా పక్కన కూసొని అప్పుడు కూడా గట్లనే నవ్వుతుంది, చెంపల మీద నీళ్లు కారంగ. ఆమె పెండ్లయి ఇరవై ఆరేండ్లు.

పాట మొత్తం ఆరు నిమిషాలు. ఆడోళ్ల ఫోన్లన్నిట్ల వేసిచ్చిన. ఇంక ఆ పది రోజులు సైటుల అదే పాట. నీళ్లు కొట్టుకుంట పాడిండ్రు, కంకర మోసుకుంట పాడిండ్రు. భీమవరం దిక్కు నుంచి వచ్చిన మా సైట్ ఇంజినీర్‌కు కూడా వచ్చేసింది, అర్థం తెలవకుండనే.

నేను మాత్రం ఆరా తీసుడు వదలలే. ఆ పాట ఎవరన్న ఎప్పుడన్న రికార్డు చేసిండ్రా అని అడిగిన. కన్నమ్మక్క పెండ్లినాడు ఊర్ల టేప్‌రికార్డరే లేదన్నరు. సౌండ్ పని చేసే నా దోస్తుకు ఫైలు పంపిన. పాట వెనకనుంచి అతికిచ్చినట్టు లేదు, బొమ్మతోపాటే ఎక్కింది అన్నడు. సర్వీసు సెంటర్‌ల డ్రోన్ విప్పించిన. మైకు లేదు.

పెండ్లినాడు రెయిలింగ్ కాని చోట ఇంజినీర్ తాళ్లు కట్టించిండు. ఆ వంతెన మీద దాటిన మొదటి పెండ్లిపిల్ల ఆమెనే. కన్నమ్మక్క సగం దాక ఎదురుపోయి కోడలి చెయ్యి పట్టుకొని పాట ఎత్తుకున్నది. వెనక ఊరి ఆడోళ్లంతా అందుకున్నరు. ఒక్క మాట తప్పలే.

జారిన కాడికి వచ్చేసరికి అందరూ ఒక్కసారే ఆగిండ్రు. వాళ్లు నేర్చుకున్నదే అట్ల. ఒక్క నిమిషం నవ్వుకొని, మళ్ల ఎత్తుకున్నరు. ఎందుకు నవ్వుతున్నరో తెలవక పెండ్లిపిల్ల అత్త మొఖం చూసి తనూ నవ్వింది. నేను పైనుంచి అంతా తీసిన. ఆ వీడియోల సౌండ్ రాలే. వాళ్ల పాట ఫోన్‌ల వేరే తీసుకున్న.

భోజనాల కాడ కన్నమ్మక్కను అడిగిన, "అక్కా, ఇది ఎట్లయిందంటవ్?"

"మనవని పెండ్లి గద. మా అత్త ఊకుంటదా?" అని, ఇంకింత కూర వడ్డించి పోయింది.

నాకు ఆమె అంత సులువుగ అనుకోవడం రాదు. ఇప్పుడు తిరుమలాయపాలెం దిక్కు ఇంకో సైటుల చేస్తున్న. ఆ ఫైలు నా దగ్గర భద్రంగ ఉంది, ఎవరడిగినా వినిపిస్త. ఎట్ల వచ్చిందని అడిగితే మాత్రం, అప్పుడెంత తెలుసో ఇప్పుడూ అంతే తెలుసు అని చెప్త.