ఆగ్నేయం గోడకి బిగించిన షీట్లు

చిలకలూరిపేటలో మా ఆడపిల్లల హాస్టలు కట్టడం మొదలుపెట్టింది మా ఆయన. ఆయన పోయాక పూర్తి చేయడం నాకూ మా మరిదికీ మిగిలింది. ఆ రోజుల్లో నాకు ఏడుపూ రాలేదు, ఆకలీ తెలియలేదు. నోరు మాత్రం అలవాటు కొద్దీ పనిచేసేది.

బయటి గోడలకి బిగించే షీట్లు మేస్త్రీ రెండు రకాలు చూపించాడు. పైకి రెండూ ఒకే వెండిరంగు అల్యూమినియం. అంచున చూస్తే ఒకదాని మధ్యలో నల్లటి ప్లాస్టిక్, రెండోదాంట్లో రాతిపొడిలాంటి తెల్లటి పొర. అతని గొప్పలు వినే ఓపిక లేక రెండు ముక్కల్నీ పట్టకారుతో గ్యాసు మంట మీద పెట్టాను. మొదటిది కొవ్వొత్తిలా కరిగింది, మండే చుక్కలు గట్టు మీద పడ్డాయి. రెండోది నల్లబడి ఊరుకుంది.

"రెండోదే. నాలుగు వైపులా," అన్నాను.

కాలేజీలు తెరవగానే పిల్లలు చేరిపోయారు. ఆ తర్వాత నేను వెళ్లి చూస్తే వీధివైపు నేను చెప్పినవే ఉన్నాయి. ఆగ్నేయం గోడ కింద పడున్న కోత ముక్క తీసి చూశాను. అంచు నల్లగా ఉంది. వాస్తు అని వంటగది, జనరేటరు, కరెంటు బోర్డు అన్నీ ఆ మూలే పెట్టారు. వాటి పైనే పిల్లల గదులు.

"ఏందయ్యా ఇది?" అని మరిదిని అడిగాను.

"ఆ పక్క ఎవరు చూస్తారొదినా? అయినా అది ఆగ్నేయం. నిప్పు దాని చోట అది ఉంటే ఏం చెయ్యదు. సిద్ధాంతిగారూ అదే అన్నారు."

"అయితే ఆయన్నే వచ్చి పై గదిలో పడుకోమను."

మేస్త్రీ అందుకున్నాడు. "షీటుకీ గోడకీ మధ్య సందు ఉంటదండి. గాలాడుద్ది, గది చల్లగా ఉంటది."

"ఆ సందులోనే మంట పొగగొట్టంలో ఎక్కినట్టు ఎక్కుద్ది. ప్రతి అంతస్తు దగ్గరా అడ్డంగా ఇనప పట్టీ వెయ్యమన్నాను. ఏదీ?"

"పక్క గోడే కదా అనుకున్నామండి."

సందులోకి వేలు పెట్టి చూపించాను. పక్క జిన్నింగు మిల్లు నుంచి ఎగిరొచ్చిన దూది అప్పుడే అక్కడ చేరింది. మరిది దాన్ని చూసి కూడా, "అన్నయ్య ఉంటే ఇంత రభస జరిగేది కాదు," అన్నాడు.

"ఉంటే ఆయనతోనే పెట్టుకునేదాన్ని. ఊడదీయించు."

ఆ మాట అన్నాకైనా నాలో ఏదో కదలాలి. కదల్లేదు.

కుర్చీ వేయించుకుని అక్కడే కూర్చున్నాను. ఒక్కో షీటూ ఊడుతుంటే లోపలి సిమెంటు గోడ బయటపడింది. మంచి షీట్లు వచ్చేదాకా అది అట్లాగే ఉంటుంది. పై కిటికీలోంచి ఒక పిల్ల తల బయటపెట్టింది.

"బాగానే ఉన్నాయిగా ఆంటీ, ఎందుకు తీయిస్తున్నారు?"

"నువ్వు పడుకోడానికి," అన్నాను.

పిల్లకి అర్థం కాలేదనుకుంటా, నవ్వి లోపలికి పోయింది. చివరి షీటు కిందికి దిగేదాకా నేను ఎండలోనే కూర్చున్నాను. ఎండ కూడా తెలియలేదు.